కాపలా కెమెరాకు కూడు పెట్టేదెలా?

కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు అని మన పెద్దలు అంటూ ఉంటారు. కిందటి వేసవిలో విజయవాడలో మా అక్కయ్యగారి ఇంట్లో నాకు ఆ సామెత గుర్తుకు వచ్చింది. అక్కడ చేను అంటే ఒక కారు. కంచె అంటే ఆ కారుకు కాపలాగా పెట్టిన చిన్న కెమెరా, దానికి కరెంటు ఇచ్చే ఒక చిన్న డబ్బా.

సంగతేమిటంటే, మా బావగారు రోజూ తన ఆఫీసు ముందు వీధిలో కారు ఆపుతారు. అక్కడ చెట్టు నీడ లేదు, షెడ్డూ లేదు. ఒకనాటి సాయంత్రం వచ్చి చూస్తే కారు తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎవరో గీత గీసి పోయారు. ఆ కోపంలో ఆయన ఒక డాష్‌క్యామ్ కొన్నారు. డాష్‌క్యామ్ అంటే కారు ముందు అద్దానికి లోపలి వైపున అతికించే చిన్న వీడియో కెమెరా. కారు నడుస్తున్నంతసేపూ దానికి కావలసిన కరెంటును కారే ఇస్తుంది. ఇంజను ఆపి తాళంచెవి తీయగానే చాలా కార్లలో ఆ సాకెట్టుకు కరెంటు ఆగిపోతుంది. కెమెరా నిద్రపోతుంది. గీతలు గీసేవాడు వచ్చేది మాత్రం అప్పుడే! అందుకని బావగారు సెల్‌ఫోనుకు వాడే పవర్ బ్యాంకును డాష్‌బోర్డు మీద పెట్టి, దాని తీగను కెమెరాకు తగిలించి, నిశ్చింతగా ఆఫీసులోకి వెళ్లిపోయేవారు.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం నాడు, తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు ఆ పవర్ బ్యాంకును తెచ్చి బల్ల మీద పెట్టింది. అది చదునుగా కూర్చోలేదు. తొట్టిలాగా అటూ ఇటూ ఊగింది. "మావయ్యా, ఇది పూరీలా ఉబ్బిందేమిటి?" అని అడిగింది.

నేను దానిని మెల్లగా తీసుకువెళ్లి పెరట్లో, దగ్గర కాగితం, గుడ్డ ఏదీ లేని చోట, ఇటుకల మీద ఉంచాను. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జి చెయ్యకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు. మర్నాడు పాత ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకునే కేంద్రంలో దానిని అప్పగించాం. ఇదంతా చూసి బావగారు నవ్వి, "ఎందుకయ్యా ఈ హడావిడి? ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా!" అన్నారు.

ఈ వ్యాసం ఆ మాటకు నా జవాబు. ఏమీ కాకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. ఆగి ఉన్న కారులో కెమెరా పనిచెయ్యాలని కోరుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ కెమెరాకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత కావాలో, ఎండకు ఆ బ్యాటరీ ఏమవుతుందో లెక్క చూడకుండా తీగ తగిలించడం తప్పని నా అభిప్రాయం. ముందు లెక్క, తరువాత తీగ. ఈ క్రమం తలకిందులు కాకూడదు.

డాష్‌క్యామ్ పనికిమాలిన వస్తువని నేననడం లేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ నగరం మీదుగా ఒక పెద్ద ఉల్క మండుతూ వచ్చి పేలిపోయింది. దాని వ్యాసం ఇంచుమించు 20 మీటర్లు. పేలుడు ధాటికి కిటికీ అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. ఆ ఉల్క దారిని ఎందరో కార్లలోని డాష్‌క్యామ్‌లు చిత్రీకరించాయి. ఆ వీడియోల ఆధారంగా శాస్త్రజ్ఞులు అది సూర్యుని చుట్టూ ఏ కక్ష్యలో తిరుగుతూ వచ్చిందో లెక్కకట్టగలిగారు. గీత గీసినవాణ్ణి పట్టడానికే కాదు, ఆకాశం నుంచి వచ్చినదాన్ని పట్టడానికి కూడా ఆ చిన్న కెమెరా పనికివచ్చింది! కనుక మన తగవు కెమెరాతో కాదు. దానికి కూడు పెట్టే పద్ధతితో.

డబ్బా మీది అంకె

బావగారి పవర్ బ్యాంకు మీద "10,000 మిల్లీ ఆంపియర్ అవర్" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంత పెద్ద అంకె చూస్తే అది ఎన్నాళ్లయినా కెమెరాను నడుపుతుందని అనిపిస్తుంది. మా మేనకోడలు కాగితం తీసుకుని లెక్క వేసింది. మీరూ వెయ్యండి.

10,000 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 10 ఆంపియర్ అవర్. ఆ డబ్బాలో ఉండే లిథియం-అయాన్ ఘటం వోల్టేజి సుమారు 3.7 వోల్టులు. ఈ రెంటినీ గుణిస్తే 37 వాట్-అవర్. ఇదే అసలైన నిల్వ. కెమెరాకు కావలసింది 5 వోల్టులు కాబట్టి 3.7 వోల్టులను 5కు పెంచాలి. ఆ పనిలో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. నూటికి 15 వంతులు పోతుందనుకుంటే చేతికి మిగిలేది ఇంచుమించు 31 వాట్-అవర్.

ఇక ఖర్చు చూడండి. కెమెరా 5 వోల్టుల దగ్గర 0.8 ఆంపియర్ తీసుకుంటుంది. అంటే 4 వాట్లు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా, 9 గంటలకు 36 వాట్-అవర్ కావాలి. ఉన్నది 31. అంటే 8 గంటలు కూడా నిండకముందే, సాయంత్రం 5 లోపలే కెమెరా కన్ను మూసేది. బావగారి కాపలావాడు రోజూ డ్యూటీ దిగకముందే ఇంటికి పోతున్నాడు! "ఈ సంగతి తెలియక ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాం నాన్నా!" అంది మా మేనకోడలు.

37 వాట్-అవర్ చిన్న మొత్తమని కూడా అనుకోకండి. దానిని 3,600తో గుణిస్తే 1,33,200 జౌళ్లు. 50 కిలోల బియ్యం బస్తాను దాదాపు 270 మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి ఆ శక్తి చాలు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్ల పైచిలుకు. దానికి రెండింతల కన్నా ఎక్కువన్నమాట. ఇంత శక్తి అరచేతిలో ఇమిడే డబ్బాలో ఉంది. మెల్లగా బయటికి వస్తే అది సేవకుడు. ఒక్కసారిగా బయటపడితే అదే అగ్నిప్రమాదం.

మూసిన కారులో ఎంత వేడి?

ఎండలో ఆపిన కారు ఎంత వేడెక్కుతుందో ఊహించి చెప్పనక్కరలేదు, కొలిచి చూసినవారున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం కూడా మన రాయలసీమలాగా ఎండలు మండే చోటు. అక్కడి విశ్వవిద్యాలయం వారు 38 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో కార్లను ఎండలోనూ నీడలోనూ ఉంచి కొలిచి, ఆ ఫలితాలను 2018లో ప్రకటించారు. ఎండలో ఒక గంట గడిచేసరికి కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డాష్‌బోర్డు 69 డిగ్రీలు! నీడలో ఉన్న కార్లలో గాలి 38, డాష్‌బోర్డు 48 డిగ్రీలు.

కారణం మీకు తెలిసిందే. అద్దం గుండా ఎండ లోపలికి వస్తుంది. నల్లని డాష్‌బోర్డు దానిని పీల్చుకుని వేడెక్కుతుంది. తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. తలుపులు మూసి ఉన్నందువల్ల ఆ వేడిగాలి పైకి లేచి బయటికి పోలేదు, చల్లగాలి లోపలికి రాలేదు. మన రెంటచింతలలోనూ రామగుండంలోనూ మే నెలలో 44 డిగ్రీలు దాటడం వింత కాదు. అక్కడ ఎండలో నిలిపిన కారు సంగతి మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఆ 69 డిగ్రీల పెనం మీద బావగారు పెట్టిన వస్తువేమిటో చూద్దాం. లిథియం-అయాన్ బ్యాటరీలు 1991లో బజారులోకి వచ్చాయి. వాటి వెనుక ఉన్న పరిశోధనకు 2019లో జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సెల్‌ఫోను నుంచి విద్యుత్ కారు దాకా ఈనాడు నడుస్తున్నది వాటి మీదే. అంత గొప్ప వస్తువుకూ హద్దులున్నాయి. సాధారణంగా దానిని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చెయ్యకూడదనీ, 60 డిగ్రీలు దాటితే వాడకూడదనీ తయారీదార్లు చెబుతారు.

హద్దు దాటితే ఏమవుతుంది? ఘటంలో రెండు ధ్రువాల మధ్య కాగితం కంటే పలుచని, సూక్ష్మరంధ్రాలున్న ప్లాస్టిక్ పొర ఉంటుంది. ధ్రువాల మధ్య నిండి ఉన్న ద్రవం మండే స్వభావం కలది. వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం అందుకుంటాయి. 10 డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. ద్రవం మెల్లమెల్లగా విడిపోయి వాయువులు పుడతాయి. పూరీలా ఉబ్బడానికి కారణం అదే. వేడి ఇంకా పెరిగితే ఘటం తనంతట తానే వేడిని పుట్టించుకోవడం మొదలు పెడుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో ఆ ప్లాస్టిక్ పొర కరిగి రెండు ధ్రువాలూ తగులుకుంటాయి. ధన ధ్రువంలోని ఆక్సైడు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. నిప్పుకు కావలసినవి మూడని మీ పాఠంలో చదివారు: ఇంధనం, ఆక్సిజన్, వేడి. ఆ మూడూ ఒకే డబ్బాలో సమకూరాయి. ఇక దానిని ఆపడం చాలా కష్టం.

69 డిగ్రీలకే ప్రతి బ్యాటరీ భగ్గుమంటుందని నేను చెప్పను. అలా అయితే ఊళ్లో సగం కార్లు ఈపాటికి కాలిపోయేవి. మంచి ఘటం కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. కిందపడి నలిగినదీ, పాతబడినదీ, నాసిరకం సరుకూ అంతగా ఓర్చుకోలేవు. మన డబ్బా ఏ రకానిదో పైకి చూసి చెప్పలేం. అందుకే "ఏమీ కాలేదుగా" అనే మాట సాక్ష్యం కింద చెల్లదు.

కారు బ్యాటరీ ఉందిగా!

పవర్ బ్యాంకు వద్దంటే, బావగారు వెంటనే రెండో ఉపాయం చెప్పారు. "కారులో ఇంత పెద్ద బ్యాటరీ ఉందిగా, దానికే కలిపేస్తే సరి!"

కారులో ఉండేది సీసం-ఆమ్లం బ్యాటరీ. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన దానికి వారసురాలు. చిన్న కారులో అది 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్ ఉంటుంది. గుణిస్తే 420 వాట్-అవర్. పవర్ బ్యాంకు కంటే పది రెట్లకు పైగా ఎక్కువే. అయితే దాని ఉద్యోగం వేరు. ఇంజనును తిప్పడానికి ఒకటి రెండు క్షణాలపాటు నూరు ఆంపియర్లకు పైగా ఒక్కసారిగా ఇవ్వడానికి దానిని తయారు చేశారు. అది పరుగుపందెం వాడు. రాత్రంతా నిలబడే కాపలావాడు కాదు. మెల్లగా సగం కంటే ఎక్కువ పీల్చేసి అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు కారు ఆపి సోమవారం ఉదయం 8 గంటలకు తీశామనుకోండి. మొత్తం 62 గంటలు. గంటకు 4 చొప్పున 248 వాట్-అవర్. కొత్త బ్యాటరీలో కూడా ఇది సగం దాటింది. నాలుగేళ్ల పాత బ్యాటరీ అయితే సోమవారం ఉదయం కారు కదలకపోవచ్చు. ఆ రోజు ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే?

దీనికి ఒక విరుగుడు ఉంది. నిండుగా ఉన్న కారు బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టుల ప్రాంతంలో చూపుతుంది. సగం ఖాళీ అయితే 12.2 ప్రాంతానికి దిగుతుంది. వోల్టేజిని కనిపెట్టి ఉండి, 12.2కు దిగగానే కెమెరాకు కరెంటు ఆపేసే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి. కారు బ్యాటరీకి కెమెరాను కలపదలిస్తే అది లేకుండా కలపకూడదు. ఇంకొకటి ఫ్యూజు. కారు బ్యాటరీ తీగ ఎక్కడైనా ఒరుసుకుని కారు ఇనుముకు తగిలితే వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.05 ఓముల తీగలో 1 ఆంపియర్ పోతే పుట్టే వేడి 0.05 వాటు. 100 ఆంపియర్లు పోతే 500 వాట్లు! సీటు కింద ఒక ఇస్త్రీపెట్టె వేడెక్కుతున్నట్టే. కరెంటు బయలుదేరే చోటనే 2 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి ఉంటే అది క్షణంలో కరిగి కారును కాపాడుతుంది. వందల్లో ధర పలికే తీగ కంటే ఆ చిన్న ఫ్యూజు విలువైనది.

ఏది మేలు?

నన్నడిగితే, ఎండలో ఆపక తప్పని కారులో, ఎక్కువసేపు కెమెరా నడవాలనుకునేవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టె మేలు. ఇదీ లిథియం జాతిదే. గుడెనఫ్ బృందమే 1997లో దీనిని గురించి ప్రకటించింది. దీని ధన ధ్రువంలో ఆక్సిజన్‌ను భాస్వరం గట్టిగా పట్టి ఉంచుతుంది, వేడికి తేలికగా వదలదు. అందుకని నిప్పు అంటుకునే అవకాశం తక్కువ. ఒక్కొక్క ఘటం 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. అంతే శక్తికి బరువు కాస్త ఎక్కువ, ధర కూడా ఎక్కువే. పూర్తిగా నిర్భయమైన వస్తువూ కాదు, దానిలోనూ మండే ద్రవమే ఉంటుంది. అయినా రెంటిలో ఇదే నయం.

దీనిని కారు నడిచేటప్పుడు ఛార్జి చేసుకుని, ఆగినప్పుడు కెమెరాకు వాడుకోవాలి. మేనకోడలు దీనికీ లెక్క చూసింది. 60 వాట్-అవర్ పెట్టెకు 5 ఆంపియర్లు, 13 వోల్టుల చొప్పున ఇస్తే 65 వాట్లు. ఇంటి నుంచి ఆఫీసుకు 25 నిమిషాలు, తిరిగి 25 నిమిషాలు. మొత్తం 50 నిమిషాల్లో 54 వాట్-అవర్ లోపలికి పోతుంది. వృథా పోగా 45 మిగిలినా, రోజు ఖర్చు 36కు సరిపోతుంది. ఇక కారు బ్యాటరీ జోలికి పోనక్కర లేదు.

ఎక్కడ పెట్టాలి? డాష్‌బోర్డు మీద కాదు, వెనుక అద్దం కింద కాదు, ఇంజను దగ్గర అసలే కాదు. ఎండ తగలని సీటు కింద, కాస్త గాలి ఆడే చోట, బ్రేకు వేస్తే దొర్లిపోకుండా కట్టి పెట్టాలి. వేడి ఎక్కువైతే ఛార్జింగును తానే ఆపుకునే ఏర్పాటు ఉన్న పెట్టెనే కొనాలి. సాయంత్రం ఆరింటికి కారు తీసేసరికి లోపల ఇంకా మసిలిపోతూ ఉంటుంది కదా! కెమెరా తీగను ముందు స్తంభం వెంట తీసుకువెళ్లేటప్పుడు లోపలి ఎయిర్‌బ్యాగుకు అడ్డం రాకుండా చూడాలి. ఇది పనితెలిసిన మెకానిక్కు చెయ్యవలసిన పని. మీరు లెక్క వెయ్యండి, ఫ్యూజు పెట్టెలో మాత్రం చెయ్యి పెట్టకండి.

అయితే అందరికీ ఈ పెట్టె కావాలా? నా ఉద్దేశంలో అక్కర లేదు. కాపలావాడు కళ్లు ఆర్పకుండా నిలబడనక్కర లేదు, చప్పుడైతే లేస్తే చాలు. కొన్ని కెమెరాల్లో కారు కుదుపును పసిగట్టే చిన్న పరికరం ఉంటుంది. అవి నిద్రపోతూ ఉండి, ఎవరైనా కారును గుద్దితే లేచి చిత్రీకరిస్తాయి. నిద్రలో 0.3 వాటు అనుకుంటే 9 గంటలకు 2.7 వాట్-అవర్. 36 ఎక్కడ, 2.7 ఎక్కడ! మెల్లగా గీత గీసేవాడికి ఇది మేలుకోకపోవచ్చు, నిజమే. ఆ లాభనష్టాలు చూసుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. కెమెరా కొనేటప్పుడు కూడా లోపల లిథియం ఘటం బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది ఎంచుకుంటే మంచిది. అది వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఆఖరి వీడియోను భద్రపరచడానికి కావలసిన కొద్ది క్షణాల శక్తి దానిలో ఉంటుంది.

అమ్మేవారికి కూడా ఒక మాట చెప్పాలి. డబ్బా మీద పదివేలు, ఇరవైవేలు అనే అంకెలు దూరానికి కనిపిస్తాయి. అసలు లెక్కకు కావలసిన వాట్-అవర్, ఎంత వేడి వరకు వాడవచ్చో తెలిపే అంకె భూతద్దం పెట్టి వెతకవలసి వస్తుంది. విమానంలో ప్రయాణించేవారు ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకువెళ్లగల బ్యాటరీకి 100 వాట్-అవర్ అని హద్దు పెట్టారు. అంటే భద్రత చూసేవారికి కావలసిన అంకె అదే. ఆ రెండు అంకెలనూ పెద్ద అక్షరాలతో, తెలుగులో కూడా ముద్రించాలని మనం అడగాలి.

చివరిగా, కెమెరా కంటే, కారు కంటే ముఖ్యమైన సంగతి. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన కొలతల ప్రకారం, ఎండలో ఆపిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరుగుతుంది. అందులో నూటికి 80 వంతులు మొదటి అరగంటలోనే! అద్దం కొంచెం దించినా పెద్దగా తేడా ఉండదు. "అయిదు నిమిషాల్లో వస్తాం" అని పసిపిల్లలను కారులో వదిలి వెళ్లేవారు ఈనాటికీ ఉన్నారు. బ్యాటరీకే పనికిరాని వేడి పసిబిడ్డకు పనికివస్తుందా? మీ ఇంట్లో ఎవరైనా అలా అంటే, మీరు చిన్నవాళ్లయినా సరే, అడ్డం చెప్పండి.

బావగారు ఇప్పుడు నాలుగడుగులు దూరమైనా చింతచెట్టు కింద కారు ఆపుతున్నారు. నీడకు ఖర్చు లేదు, ఫ్యూజూ అక్కర లేదు. మేనకోడలి లెక్కల కాగితం ఆయన బల్ల సొరుగులో ఉంది. మీరూ ఈ రోజు మీ ఇంటి పవర్ బ్యాంకు తిరగేసి చూడండి. దాని మీద వాట్-అవర్ ఎంత, ఎంత వేడి వరకు వాడవచ్చు అని రాసి ఉందో లేదో చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. బల్ల మీద పెట్టి చదునుగా కూర్చున్నదో లేదో కూడా చూడండి. కాపలావాణ్ణి పెట్టుకునేవారు ముందు అతనికి కూడూ నీడా చూడాలి. అప్పుడే కంచె కంచెలాగా నిలబడుతుంది.